ఐదుగురి ఇల్లు, 15,800 తిండి ఖర్చు: వారం వంటల పట్టీ ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: మేము హైదరాబాద్ వనస్థలిపురంలో ఉంటాం. నేను, మా ఆయన, 13, 8 ఏళ్ల పిల్లలిద్దరు, మా అత్తమ్మ. మా ఆయనకు నెలకు 34 వేలు వస్తాయి, కిరాయికే 9 వేలు పోతాయి. పోయిన నెల తిండి ఖర్చంతా రాసి చూస్తే 15,800 తేలింది. 26 కిలోల బియ్యం బస్తా 1,450, కిరాణా 4,600, పాలు రోజుకు లీటరున్నర చొప్పున 3,330, కూరగాయలు 2,600, చికెన్, గుడ్లు 1,700, ఇడ్లీ పిండి ప్యాకెట్లు, బయటి టిఫిన్లు 1,500, పిల్లల బిస్కెట్లు, చిప్స్ 620. దీన్ని 11 వేలకు తేవాలి. వీడియోల్లో చూసి వారం మెనూ రాసుకున్నాను కానీ రెండో వారానికే వదిలేశాను. ఆ మెనూ కాగితం, ఏది ఎంత ధరకు ఎంత తెస్తున్నామో రాసిన చీటీ దీంతో పాటే పంపుతున్నాను. పాలు లీటరుకు తగ్గిద్దామా అని ఆలోచన. అత్తమ్మకు షుగర్. చిన్నోడు ఆకుకూర ముట్టడు. శనివారం మేం నీసు తినం. రేషన్ కార్డు ఉంది, ఐదుగురి పేర్లూ ఉన్నాయి, కానీ దొడ్డు బియ్యం ఇచ్చే రోజుల్లో తెచ్చుకోవడం మానేశాం.

సమాధానం: లెక్క ఇంత వివరంగా రాసి పంపారు కాబట్టి పని సులువైంది. చాలామంది మొత్తం ఒక్కటే చెప్తారు, అది ఎటు పోతోందో చెప్పరు.

ముందు బియ్యం సంగతి, ఎందుకంటే దీనికి ఏ ప్లానూ అక్కర్లేదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో మనిషికి 6 కిలోల చొప్పున సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. మీ కార్డుకు 30 కిలోలు. ఐదుగురికి, అందులో ఇద్దరు పిల్లలు, ఒకరు షుగర్ ఉన్నవారు, రోజుకు కిలో బియ్యం ఎక్కువే తప్ప తక్కువ కాదు. అంటే బస్తా కొనే పనే లేదు. చాలాకాలంగా తీసుకోలేదు కాబట్టి ఐదుగురి ఈ-కేవైసీ వేలిముద్రలు పూర్తయ్యాయో లేదో డీలర్ దగ్గర ముందు చూసుకోండి.

రేషన్ బియ్యం వండితే ముద్దవుతోందని కొందరు పక్కన పెడుతుంటారు. అది కొత్త వడ్ల బియ్యం అయితే అలాగే అవుతుంది. కుక్కర్‌లో పాత బియ్యానికి గ్లాసుకు రెండు, రెండుంపావు గ్లాసుల నీళ్లు పోసే అలవాటుంటే వీటికి ఒకటిముప్పావు చాలు. విజిల్ ఆగాక వెంటనే తీయకుండా పది నిమిషాలు వదిలేయండి. బియ్యంలో అక్కడక్కడ కాస్త తేడాగా, తెల్లగా మెరిసే గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ అనుకుని ఏరేయకండి. ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలవి, రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. కడిగేటప్పుడు రెండు నీళ్లు చాలు, తెల్లనీళ్లు పూర్తిగా పోయేదాకా రుద్దొద్దు.

ఇంకో మాట. పండగలకో చుట్టాలకో బస్తా కొనాల్సి వస్తే ధరను కిలోకు ఎంతో లెక్కగట్టి పోల్చండి. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 26 కిలోల బస్తాలు అప్పుడే మొదలయ్యాయి. పక్కపక్కన 25, 26 రెండూ ఉంటాయి, బస్తా ధర చూసి మోసపోతాం.

ఇక మీ మెనూ ఎందుకు నిలవలేదో చూద్దాం. మీరు పంపిన కాగితంలో సోమవారం పాలక్ పనీర్, మంగళవారం క్యాప్సికమ్ మసాలా, బుధవారం మష్రూమ్ పులావ్ ఉన్నాయి. ఒక వంటకు తెచ్చింది ఇంకో వంటకు పనికిరాదు. పైగా వంట పేరు ముందే రాసేసుకుంటే ఆ వారం పాలకూర కట్ట పది రూపాయలున్నా, ఇరవై ఐదున్నా అదే కొనాలి. మిగిలినదాన్ని తినడానికి ఒక్క పూట కూడా ఖాళీ లేదు. అలాంటి మెనూ ఎవరికైనా రెండు వారాలే నడుస్తుంది.

అందుకే వంట పేరు రాయకండి, వంట రకం రాయండి. ఆకుకూర పప్పు అని రాసుకుంటే ఏ ఆకు చవకగా, తాజాగా ఉంటే అది. వారంలో ఏ రోజు ఏ రకం అన్నది మీ ఇష్టాన్ని బట్టి కాకుండా, తెచ్చిన కూరగాయ ఎన్నాళ్లు నిలుస్తుందో దాన్ని బట్టి పడాలి. తొందరగా వాడిపోయేది ముందు, గట్టిది చివర. మీకు కూరగాయల్లో పోతున్న డబ్బులో ఎక్కువ భాగం ధరల వల్ల పోవట్లేదు. గురువారం వంగిపోయిన బెండకాయ, శుక్రవారం పసుపు తిరిగిన తోటకూర చెత్తబుట్టలో పడటం వల్ల పోతోంది.

ఆదివారం పొద్దున ఒకేసారి రైతుబజారుకు వెళ్లండి. వనస్థలిపురంలోనే ఉంది కదా. గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు పెడతారు, లోపలికి వెళ్లకముందే అది చదివి, ఏ ఆకు, ఏ కాయ కొనాలో అక్కడే నిర్ణయించుకోండి. వారానికి మీకు పట్టేవి: కూరగాయలు 7 కిలోలు, టమాటలు 2 కిలోలు, ఉల్లిగడ్డలు 2 కిలోలు, ఆకుకూరలు ఆరు కట్టలు, పచ్చిమిర్చి పావుకిలో, కొత్తిమీర, కరివేపాకు. ఆ ఏడు కిలోల్లో రెండు కిలోలు బెండ, బీర, దొండలాంటి లేత కాయలు, రెండు కిలోలు వంకాయ, చిక్కుడులాంటివి, మిగతా మూడు కిలోలు సోరకాయ, క్యాబేజీ, గుమ్మడి, ఆలుగడ్డ, క్యారెట్. ధరలు మామూలుగా ఉన్న రోజుల్లో 490 రూపాయల దగ్గర సరిపోతుంది. ఆ డబ్బు నగదుగా తీసుకెళ్లండి. ఫోన్‌తో కడితే చేతిలో ఎంత మిగిలిందో తెలియదు.

వారం ఇలా పడుతుంది. ఆదివారం చికెన్, రాత్రికి మిగిలిన పులుసు, చారు. సోమవారం ఆకుకూర పప్పు, రాత్రికి అదే పప్పు, పక్కన అప్పడం లేదా వడియాలు. మంగళవారం రెండో ఆకుకూర, గోంగూర గానీ తోటకూర గానీ, రాత్రికి బెండకాయ వేపుడు. బుధవారం కోడిగుడ్డు పులుసు, రాత్రి చపాతీ, దొండకాయ లేదా బీరకాయ. గురువారం వంకాయ టమాట లేదా చిక్కుడు, రాత్రి పప్పుచారు. శుక్రవారం పెసరపప్పు వేసి సోరకాయ లేదా క్యాబేజీ. శనివారం శనగలు, బొబ్బర్లలాంటి గింజల కూర, రాత్రికి ముక్కల పులుసు. ఆ పులుసులోకి ఫ్రిజ్‌లో మిగిలిన సగం క్యారెట్, రెండు వంకాయలు, సోరకాయ ముక్క అన్నీ వెళ్తాయి. ఆదివారం బజారుకు వెళ్లేసరికి కూరల డబ్బా ఖాళీ కావాలి.

రోజుకు రెండు కొత్త కూరలు వండే అలవాటుంటే మానండి. పొద్దున టిఫిన్ బాక్సులకు చేసే కూరే పెద్ద కూర. బాక్సులు, మధ్యాహ్నం ఇంట్లోవారు, కొంచెం రాత్రికి అని కిలోకు కొద్దిగా తక్కువ, 900 గ్రాముల పచ్చి కూరగాయ తీసుకోండి. బెండకాయ, క్యాబేజీ వేపుళ్లు సగానికి తగ్గుతాయి కాబట్టి వాటికి 200 గ్రాములు ఎక్కువ. ఆకుకూర పప్పుకు రెండు కట్టలు, 250 గ్రాముల కందిపప్పు వేస్తే రెండు పూటలు వస్తుంది. పప్పుచారుకు 150 గ్రాములు. కొలవకుండా చేత్తో వేస్తే పప్పు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది, రాత్రి పదికి గిన్నెలో మిగిలేది అదే.

పప్పు ఉడకలేదని నాలుగు విజిల్స్ ఎక్కువ పెట్టేవాళ్లు కారణం చూడాలి. చింతపండు, టమాట, గోంగూర పప్పుతో పాటే వేస్తే పులుపు వల్ల పప్పు మెత్తబడదు. అవి విడిగా మగ్గించి, పప్పు ఉడికాక కలపండి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆ నీళ్లలోనూ పప్పు మొండికేస్తుంది. పప్పుకు నల్లా నీళ్లు వాడండి. ఏడాది దాటిన పాత పప్పు కూడా అంతే. గంట ముందు నానబెడితే రెండు మూడు విజిల్స్ చాలు, పప్పు గిన్నె కింద, బియ్యం గిన్నె పైన పెట్టి ఒకే కుక్కర్‌లో దించేస్తే గ్యాస్ కూడా కలిసొస్తుంది.

తెచ్చిన రోజు అరగంట కేటాయించకపోతే పైన చెప్పిన వరసంతా వృథా. ఆకుకూర కట్టల దారం విప్పి, వేళ్లు కోసి, పసుపు ఆకులు ఏరేసి, కడగకుండా పొడి నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. కడిగి పెడితే రెండో రోజుకే కుళ్లు పడుతుంది. బెండకాయలూ అంతే, తడి ఉంటే జిగురెక్కి నల్లబడతాయి. పచ్చిమిర్చి తొడిమలు తీసి, డబ్బా అడుగున పొడి గుడ్డ వేసి పెడితే రెండు వారాలు ఉంటాయి. టమాటల్లో సగం పండువి, సగం దోరవి తీసుకోండి. దోరవి బయటే ఉంచితే గురువారానికి పండుతాయి. ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు ఒకే బుట్టలో పోయకండి. ఆలుగడ్డల చెమ్మకు ఉల్లి కుళ్లుతుంది. ఆలుగడ్డ ఫ్రిజ్‌లో పెడితే తియ్యబడుతుంది, గాలి తగిలే చీకటి మూల చాలు.

సోరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారేయాలి, పొదుపు చూసుకోవద్దు. చేదు సోరకాయ ప్రాణం మీదికి తెస్తుంది. మంచి కాయ అయితే పైతొక్కు కూడా పనికొస్తుంది. బీరకాయ తొక్కు, సోరకాయ తొక్కు నువ్వులు, ఎండుమిర్చి, చింతపండుతో రోటి పచ్చడి చేస్తే ఒక పూట కూర ఖర్చు మిగిలినట్టే. తోటకూర కాడలు పులుసులోకి వెళ్తాయి.

మీ ఇంట్లో అన్నిటికంటే సులువుగా ఆపగలిగిన ఖర్చు పొద్దుటి టిఫిన్. 1,500 అక్కడ పోతోంది, అందులో పిండి ప్యాకెట్లే ఎక్కువ. వారానికి రెండుసార్లు రుబ్బితే చాలు.

ఇడ్లీకి 250 గ్రాముల మినపగుళ్లు, అర కిలో ఇడ్లీ రవ్వ. ఆదివారం మధ్యాహ్నం మినపగుళ్లు నాలుగైదు గంటలు నానాలి. రవ్వ విడిగా గంట నానబెట్టి, రెండుసార్లు కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి, రుబ్బిన మినప్పిండిలో కలపాలి. పిండకుండా కలిపితే నీళ్లెక్కువై ఇడ్లీలు చపాతీల్లా పరుచుకుంటాయి. మినప్పిండి రుబ్బేటప్పుడు నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. సరిగ్గా రుబ్బిన పిండిని చిటికెడు తీసి గిన్నెడు నీళ్లలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకా రుబ్బాలి. మిక్సీలో అయితే ఫ్రిజ్ నీళ్లు వాడండి, జార్ వేడెక్కితే పిండి పొంగదు. చేత్తో బాగా కలిపి, గిన్నెలో సగం ఖాళీ ఉండేలా పెట్టండి. ఎండాకాలం ఎనిమిది గంటలు, డిసెంబరు, జనవరిలో పన్నెండు, పద్నాలుగు గంటలు పడుతుంది. చలికాలం ఆదివారం సాయంత్రం నాలుగింటికల్లా రుబ్బేస్తేనే సోమవారం ఏడింటికి ఇడ్లీ అవుతుంది. ఈ కొలతకు 35 నుంచి 40 ఇడ్లీలు వస్తాయి, సోమ, మంగళ రెండు పూటలు. పొంగగానే మంగళవారానికి కావాల్సింది వేరే డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నెలో గరిటె పెట్టి తీస్తూ బయటే ఉంచితే మంగళవారానికి పులిసిపోతుంది.

బుధవారం ఉప్మా. దోసెకు బుధవారం పొద్దున 200 గ్రాముల మినపప్పు, 600 గ్రాముల రేషన్ బియ్యం, చెంచా మెంతులు నానబెట్టి, సాయంత్రం గుప్పెడు అటుకులు కలిపి రుబ్బండి. గురు, శుక్ర అయిపోతాయి. శుక్రవారం పిండి మిగిలితే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి చల్లి మందంగా ఊతప్పం. శనివారం పెసరట్టు, దీనికి పులియబెట్టే పనే లేదు. 250 గ్రాముల పెసలు, గుప్పెడు బియ్యం శుక్రవారం రాత్రి నానబెడితే పొద్దున అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి పోసేయడమే, పన్నెండు దాకా వస్తాయి. ఆదివారం అటుకులు. ఒక పూట బయటి టిఫిన్ తినాలని పిల్లలకు ఉంటుంది, నెలకు 300 దానికి ఉంచండి.

ఇప్పుడు మాంసకృత్తులు, అంటే పప్పు, గుడ్డు, పాలు, చికెన్. ఇక్కడ మీ ప్రశ్నలోనే చిన్న ప్రమాదం ఉంది, పాలు తగ్గిస్తామంటున్నారు. వద్దు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు, పెరుగు సూచించింది. మీ లీటరున్నర సరిగ్గా అంతే. తగ్గించాల్సింది పరిమాణం కాదు, రకం. మీరు ఫుల్ క్రీమ్ అర లీటరు ప్యాకెట్ 37 పెట్టి కొంటున్నారు, అదే షాపులో టోన్డ్ పాలు 29 అని రాశారు. ఫుల్ క్రీమ్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతం. మాంసకృత్తులు, కాల్షియం దాదాపు సమానం. మూడు ప్యాకెట్లూ టోన్డ్‌కు మారితే నెలకు 2,610 అవుతుంది, 720 మిగులుతుంది. పెరుగు కొంచెం పలచగా తోడుకుంటుంది. పాలు ఇంకో ఐదు నిమిషాలు మరగనిచ్చి తోడేస్తే సరిపోతుంది.

పది గ్రాముల మాంసకృత్తులు ఎంతకు వస్తున్నాయో మీరు పంపిన ధరలతో లెక్క వేద్దాం. కందిపప్పు కిలో 125, వంద గ్రాముల్లో 22 గ్రాములుంటాయి, కాబట్టి 5 రూపాయల 70 పైసలు. పల్లీలు కిలో 150, దాదాపు 6 రూపాయలు. గుడ్డు ఆరున్నర, ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాములు, కాబట్టి 10 రూపాయల పైచిలుకు. చికెన్ కిలో 250, ఎముక పోగా తినేది ముప్పావు కిలో లోపే, 18 రూపాయల దగ్గర తేలుతుంది. పనీర్ కిలో 400, 22 రూపాయలు. మీల్‌మేకర్ కిలో 140, మూడు రూపాయలు కూడా కాదు. మీ మెనూలోంచి పనీర్ తీసేయమనేది ఇందుకే. మీల్‌మేకర్ వాసన వల్ల తినలేకపోతే మరిగే నీళ్లలో ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లలో రెండుసార్లు కడిగి గట్టిగా పిండి, ఆ తర్వాతే మసాలాలో వేయండి. రెండు వారాలకోసారి శనివారం గింజల బదులు ఇది.

చికెన్ పూర్తిగా మానమనడం లేదు. ప్రతి ఆదివారం కిలోన్నర తెస్తున్నారు, ముప్పావు కిలో చాలు. అల్లం ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, కొబ్బరి, గసగసాలు కాకపోతే రెండు చెంచాల పల్లీల పొడి వేసి పులుసు ఎక్కువ పెట్టి, రెండు ఆలుగడ్డలు వేయండి. ఆదివారం రాత్రికి కూడా వస్తుంది. గుడ్లు 30 ఉన్న ట్రే రెండు వారాలకొకటి. బుధవారం పులుసుకు ఆరు, పిల్లలకు వారంలో నాలుగు రోజులు చెరొకటి. చికెన్ 750, గుడ్లు 390, మొత్తం 1,140.

పిల్లలు స్కూలు నుంచి రాగానే బిస్కెట్ ప్యాకెట్ విప్పుతున్నారంటే అప్పుడు ఆకలి బాగా ఉన్నట్టే. వేయించిన పల్లీలు బెల్లం ముక్కతో, ఉడికించిన శనగల గుగ్గిళ్లు, అటుకుల చుడువా డబ్బాలో కనబడేలా పెట్టండి. కిలో శనగలు, కిలో పల్లీలు నెలంతా వస్తాయి.

కిరాణాలో నెలకు తెచ్చుకోవాల్సినవి: కందిపప్పు 3 కిలోలు, పెసరపప్పు కిలో, పెసలు కిలో, శనగలు కిలో, బొబ్బర్లు అర కిలో, మినపగుళ్లు 2 కిలోలు, ఇడ్లీ రవ్వ 2 కిలోలు, ఉప్మా రవ్వ కిలోన్నర, అటుకులు కిలో, గోధుమ పిండి 5 కిలోలు, జొన్న పిండి 3 కిలోలు, పల్లీలు కిలో, చక్కెర కిలోన్నర, చింతపండు అర కిలో, నూనె మూడున్నర లీటర్లు. పప్పులు, గింజలు పెరుగుతాయి కాబట్టి ఈ బిల్లు మీకు 4,600 నుంచి 4,900 అవుతుంది. భయపడొద్దు, దాని బదులు తగ్గేవి చాలా ఉన్నాయి.

నూనె మీద మాత్రం గట్టిగా ఉండండి. ఇప్పుడు 5 లీటర్లు అవుతోందని రాశారు, మనిషికి రోజుకు 30 గ్రాములన్నమాట. పోషకాహార సంస్థ చెప్పింది 27 గ్రాములు, అదీ నెయ్యితో కలిపి. ఆదివారం ఒక సీసాలో 800 మిల్లీలీటర్లు కొలిచి పోయండి, శనివారం దాకా అదే. గురువారానికే సీసా అడుగంటితే వేపుళ్లు ఎక్కువయ్యాయని మీకే తెలుస్తుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద బరువు చదవండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు ఉండాలి. లీటరు ప్యాకెట్‌లాగే కనబడే వాటిమీద 800, 850 గ్రాములని చిన్న అక్షరాలతో ఉంటుంది, ధర పది రూపాయలు తక్కువని తెచ్చుకుంటే నష్టమే.

చింతపండు కొత్తది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. వీలైతే ఆ నెలల్లో ఏడాదికి 6 కిలోలు తీసుకుని, గింజలు, ఈనెలు తీసి, ఒక పూట ఎండలో పెట్టి, మధ్యమధ్య ఉప్పు చల్లుతూ జాడీకి ఎత్తండి. కందిపప్పు కూడా సంక్రాంతి దాటాక కొత్త పంట వచ్చినప్పుడు మూడు నెలలకు తెచ్చుకుంటే బాగా ఉడుకుతుంది. తాండూరు కందిపప్పు దొరికితే అదే తీసుకోండి, 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పప్పు అది. ఇవి రెండూ డబ్బు ఒకేసారి చేతిలో ఉన్నప్పటి సంగతి. అప్పు చేసి నిల్వ పెట్టొద్దు.

మీ అత్తమ్మ గారికి వేరే వంట అక్కర్లేదు. రాత్రికి రెండు జొన్న రొట్టెలు, వంద గ్రాముల పిండి, ఇంట్లో వండిన పప్పో ఆకుకూరో పెద్ద గరిటెలతో రెండు. మధ్యాహ్నం అన్నం ఒకే గిన్నెతో కొలిచి పెట్టండి, కూర ఎక్కువ, అన్నం తక్కువ. జొన్న కూడా పిండిపదార్థమే, ఎన్ని తిన్నా షుగర్ పెరగదనుకోవద్దు. మాత్రలు వేసుకునేవారు అన్నం బాగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు కాబట్టి ఈ మార్పు వారి డాక్టరుకు చెప్పి చేయండి. రొట్టె విరుగుతోందంటే పిండి పాతదై ఉంటుంది, లేదా నీళ్లు మరగలేదు. బాగా మరిగిన నీళ్లు పోసి, చేయి పట్టేంత వేడి ఉండగానే మర్దించాలి. జొన్న పిండి నెలకు మించి నిల్వ పెడితే చేదెక్కుతుంది, అందుకే మూడు కిలోలే అన్నాం.

చిన్నోడికి ఆకుకూర విడిగా పెట్టి తినమంటే తినడు. పెసరట్టు పిండిలో పాలకూర గుప్పెడు రుబ్బేయండి, చపాతీ పిండిలో మెంతికూర సన్నగా తరిగి కలపండి, కరివేపాకు పొడి నెయ్యితో మొదటి ముద్దకు పెట్టండి. పప్పులో ఆకు ఏరి పక్కన పెడుతుంటే మెత్తగా ఎనపండి. కొన్ని వారాలు పడుతుంది, గొడవ పడొద్దు.

మిగిలిన అన్నం గురించి ఒక జాగ్రత్త. రాత్రి తిన్నాక అన్నం గిన్నె పొయ్యి గట్టు మీదే తెల్లవార్లూ వదిలేస్తే, వండినా చావని సూక్ష్మక్రిములు మళ్లీ పెరుగుతాయి, తెల్లారి పులిహోర చేసి వేయించినా వాటి విషం పోదు. వండిన గంట, గంటన్నరలో వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు పులిహోరకో, పెరుగన్నానికో వాడేయండి. అసలు రాత్రికి అరగ్లాసు తక్కువ బియ్యం వేస్తే ఈ బాధే ఉండదు.

మొత్తం కలిపితే: బియ్యం సున్నా, కిరాణా 4,900, పాలు 2,610, కూరగాయలు 2,100, చికెన్, గుడ్లు 1,140, బయటి టిఫిన్ 300, బిస్కెట్లు 200. 11,250. మీరు అడిగింది 11 వేలు, 250 ఎక్కువే తేలింది. అది కూడా తగ్గించాలంటే పాలలోనో కూరగాయల్లోనో కోయాలి. రోజుకు మనిషికి 400 గ్రాముల కూరగాయలు తినాలంటుంది పోషకాహార సంస్థ, మన పట్టీలో వచ్చేది 350. ఎదిగే పిల్లలున్న ఇల్లు, ఇక్కడ కత్తెర వేయొద్దు. ఆ 250 కూడా రావాల్సిందే అనుకుంటే చక్కెర, టీ చూడండి.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. ఈ నెల రేషన్ బియ్యం, టోన్డ్ పాలు, ఇడ్లీ పిండి, ఈ మూడే. దాంతోనే 15,800లో రెండున్నర వేల పైన తగ్గుతుంది. కూరల వరస రెండో వారం నుంచి మొదలుపెట్టి, ప్రతి శనివారం రాత్రి ఫ్రిజ్‌లో ఏది మిగిలిందో, ఏది పాడైందో ఒక కాగితం మీద రాయండి. రెండు వారాలు వరసగా అదే కాయ పాడైతే దాన్ని ఒక రోజు ముందుకు జరపండి, లేదా అర కిలో తగ్గించండి. మీ ఇంటికి సరిపడే కొలత నెల తిరిగేసరికి ఆ కాగితం మీదే తేలుతుంది. అప్పుడు మళ్లీ లెక్క పంపండి, శ్రావణ, కార్తీక మాసాల్లో నీసు లేని రోజులు ఎక్కువ ఉంటాయి కదా, వాటికి పట్టీ ఎలా మార్చుకోవాలో చూద్దాం.